నిమిషానికి తొంభై మాటలు

పిల్లలకి చదవడం ఎందుకు రావడం లేదో తేల్చమని పైవాళ్ళు ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం ఎనిమిది నెలలు ఊళ్ళు తిరిగింది. ప్రతి బడిలోనూ కుర్చీలు వేయించుకుని కూర్చుంది, కొబ్బరి నీళ్ళు తాగింది, పిల్లల చేత చదివించి తల పంకించింది. చివరికి రెండు వందల పన్నెండు పేజీల నివేదిక రాసి అసలు కారణం బయటపెట్టింది. పిల్లలకి చదవడం రాకపోవడానికి కారణం, వాళ్ళు నెమ్మదిగా చదవడమే.

ఈ ముక్క ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పలకలతో కుస్తీ పడుతున్న నాకు తట్టనే లేదు. నేనేవేవో పిచ్చి కారణాలు మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా గెడ్డవలస బడిలో అయిదు తరగతులకి ఇద్దరమే పంతుళ్ళం కదా అనుకునేవాణ్ణి. కొందరికి నల్లబల్ల సరిగ్గా కనపడదు, కొందరి ఇంట్లో మాటాడే మాట ఒకటీ పుస్తకంలో మాట ఒకటీ, కొందరి ఇంట్లో కేలండరు తప్ప అచ్చు కాగితమే ఉండదు, కొందరు పొద్దున్న ఏమీ తినకుండా వస్తారు, ఇలా. వాటన్నిటి బదులు ఒక్క కారణం చాలని తెలిశాక నాకు నిజంగానే నెత్తిన బరువు దిగినట్టయింది.

కారణం తెలిశాక వైద్యం ఎంతసేపు? 'శీఘ్ర పఠన మహాయజ్ఞం' మొదలైంది. బడిపిల్లలు నిమిషానికి తొంభై మాటలు చదవాలి. ప్రతి హెడ్మాస్టరుకీ, అంటే మా బడిలో నాకు, నీలం తాడుతో ఒక స్టాప్‌వాచీ ఇచ్చారు. దాన్ని బడి వేళల్లో మెడలోంచి తియ్యకూడదు. పుస్తకాలు మాత్రం గోడౌన్లోనే ఉండిపోయాయి. అవి వెనక వస్తాయన్నారు.

శిక్షణకి మండల కేంద్రానికి పిలిచారు. అక్కడ పఠన వేగ పర్యవేక్షణాధికారి పరాంకుశం గారు మైకు ముందు నిలబడి మూడు గంటలు మాటాడారు. ఆయన మనిషి మంచివాడే. కాకపోతే నోరు తెరిస్తే ఆఫీసు కాగితం చదువుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కూడా 'తక్షణమే సరఫరా చేయవలసినది' అని అడుగుతారని ఆయన డ్రైవరు చెప్పాడు.

"పఠనమనగా ఏమి?" అని ఆయనే అడిగి ఆయనే చెప్పారు. "పఠనమనగా అక్షరం నుండి అక్షరానికి చూపు చేయు ప్రయాణం. ప్రయాణమన్నాక వేగం ఉంటుంది. వేగమన్నాక కొలత ఉంటుంది. కొలత అన్నాక లక్ష్యం ఉంటుంది. లక్ష్యమన్నాక నివేదిక ఉంటుంది. కావున పఠనమనగా నివేదిక."

అందరం రాసుకున్నాం. వెనక వరసలోంచి ఎవరో కొత్త టీచరమ్మ లేచి, "సార్, మరి అర్థం?" అంది.

పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మంచి ప్రశ్న. అర్థావగాహన అనునది రెండవ దశ. సదరు దశకు సంబంధించి ఇంతవరకు ఉత్తర్వులు వెలువడలేదు. ఉత్తర్వులు వెలువడక మునుపే పిల్లలకు అర్థమైనచో, అట్టి పరిణామమునకు సంబంధిత ఉపాధ్యాయులే పూర్తి బాధ్యత వహించవలసి ఉంటుంది."

ఆ టీచరమ్మ కూర్చుంది. ఎవరి ఉద్యోగం వాళ్ళకి ముద్దు కదా. ఎవరం మళ్ళీ లేవలేదు.

అన్ని బళ్ళకీ ఒకే పాఠం. తొంభై మాటలూ లెక్కపెట్టి రాసినది. పేరు 'మంచి బాలుడు రంగయ్య'. రంగయ్య ఉదయమున అయిదు గంటలకు నిద్ర లేచును. వేపపుల్లతో పండ్లు తోముకొనును. చన్నీళ్ళతో స్నానము చేయును. ఉతికిన బట్టలు ధరించును. పెద్దలకు నమస్కరించును. మొక్కలకు నీరు పోయును. బడికి పోయి శ్రద్ధగా వినును. సాయంత్రము ఇంటికి వచ్చి ఆటలాడును. కాళ్ళు కడుగుకొని చదువుకొనును. ఎనిమిది గంటలకు నిద్రపోవును. కుదించి చెబితే ఇదీ వరస. రోజూ నాలుగు పీరియడ్లు రంగయ్యకే. లెక్కలూ సైన్సూ ఎప్పుడు చెప్పాలని అడిగితే, చదవడం వచ్చాక అవి వాళ్ళే చదువుకుంటారన్నారు.

మొదటి నెల పిల్లలు యాభై దగ్గరే తచ్చాడారు. అప్పుడు పైనుంచి సూచనలు రావడం మొదలైంది. పాఠం పక్కనున్న రంగయ్య బొమ్మ చూడటంలో ఒక్కో పిల్లకి సగటున నాలుగు సెకన్లు వృథా అవుతోందట. బొమ్మ మీద తెల్ల కాగితం అంటించమన్నారు. అంటించాం. వాక్యం చివర చుక్క దగ్గర పిల్లలు ఆగుతున్నారట. చుక్కల మీద తెల్ల రంగు పూయమన్నారు. పూశాం. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగుతున్నారని తేలింది. హైస్కూలు నుంచి డ్రిల్లు మాస్టారు వారానికి రెండు రోజులు వచ్చి, జెండా కర్ర చుట్టూ పరిగెత్తించి, ముక్కు మూయించి, ఒక్క ఊపిరిలో రంగయ్యని స్నానం దాకా తీసుకెళ్ళడం నేర్పాడు. బలమైన పిల్లలు మొక్కల దాకా వెళ్ళేవాళ్ళు.

ఆఖరి సూచన ప్రశ్నల గురించి. పిల్ల 'ఎందుకు' అని అడిగితే పదకొండు సెకన్లు పోతాయట, పంతులు జవాబు చెబితే మరో ముప్ఫై. పఠన వేళల్లో ప్రశ్నలు నిషేధం. అలాగేనన్నాను. నేను ఎదురు చెప్పినట్టు ఎక్కడా రికార్డు లేదు. మా రెండో పంతుల్ని వేగాల పట్టికలు తయారుచేయడానికి మండలాఫీసుకి డెప్యుటేషన్ మీద తీసుకుపోతే కూడా సంతకం పెట్టి పంపించాను.

నాలుగో నెలకి ఫలితాలు కనిపించాయి. అందరిలోకీ నాలుగో తరగతి తరుణ్ తేజ నిమిషానికి నూట నలభై దాటాడు. వాడు చదువుతుంటే వరండాలో కాకులు లేచిపోయేవి. ఒకరోజు దగ్గరికెళ్ళి చూద్దును కదా, వాడి చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది. తిప్పి ఇచ్చాను. అప్పుడూ నూట నలభయ్యే. పుస్తకం మూసేశాను. నూట నలభై అయిదు వచ్చింది.

దాచిపెట్టడం మంచిది కాదని పరాంకుశం గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఆ సాయంత్రమే జీపులో వచ్చారు. తరుణ్ తేజని నిలబెట్టి పుస్తకం లేకుండానే చదివించారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"మేస్టారూ, మీరు సాధించినదేమిటో మీకే అవగతం కాలేదు," అన్నారు నా చెయ్యి పట్టుకుని. "పుస్తకంపై ఆధారపడని పఠనం! గోడౌన్లలోని పుస్తకాలు రాలేదని ఫిర్యాదులు చేయు బళ్ళకు ఇది కనువిప్పు కావలెను."

అలా గెడ్డవలస ఆదర్శ పాఠశాల అయింది. పక్క మండలాల పంతుళ్ళు బస్సుల్లో వచ్చి చూసి వెళ్ళేవారు. తరుణ్ తేజ తల్లి పట్టుచీర కట్టుకుని గేటు దగ్గర నిలబడేది. ఆమెని తప్పు పట్టను. కన్న కొడుకు నోటెంట అన్ని మాటలు అంత జోరుగా వస్తుంటే ఏ తల్లికి మాత్రం సంబరంగా ఉండదు?

ఒకసారి ఆమె ఇంటికొచ్చిన పెళ్ళి శుభలేఖ పట్టుకొచ్చి, "మేస్టారూ, ముహూర్తం ఎన్ని గంటలకో మావోడి సేత సదివించండి," అంది ముచ్చటగా. వాడు శుభలేఖ ఎత్తి పట్టుకుని గుక్క తిప్పుకోకుండా, "రంగయ్య ఉదయమున అయిదు గంటలకు నిద్ర లేచును," అన్నాడు. ఆమె మురిసిపోయి, తెల్లారుజాము ముహూర్తమన్నమాట అనుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత వాడికి బస్సు బోర్డు చూపించాను. రంగయ్యే. మందుల డబ్బా చూపించాను. రంగయ్యే. అచ్చయిన కాగితం ఏది చూపించినా వాడికి అందులో రంగయ్య పళ్ళు తోముకుంటూ కనిపించేవాడు. తరగతిలో మిగతావాళ్ళదీ అదే వరస. నేనా సంగతి ఎక్కడా రాయలేదు. రాయడానికి ఫారంలో గడి లేదు.

ఇంత చక్కగా సాగుతున్న బడికి ఒక్కటే మచ్చ. అయిదో తరగతి నూకరత్నం.

నూకరత్నం తల్లి దాలమ్మ జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. తెల్లవారకముందే వెళ్ళిపోతుంది. తండ్రి లేడు. ఆ పిల్ల తనంతట తానే జడ వేసుకుని, ఇంటికి తాళం వేసి, తాళంచెవి మెడలో కట్టుకుని వచ్చేది. నా మెడలో స్టాప్‌వాచీ, దాని మెడలో తాళంచెవి. వేగం చూస్తే నిమిషానికి ముప్ఫై ఎనిమిది. ఎన్ని నెలలు తోమినా ముప్ఫై ఎనిమిదే. మాట మాటకీ వేలు పెడుతుంది. రంగు పూసిన చుక్కల దగ్గర కూడా, అక్కడేదో ఉండాలన్నట్టు, ఆగుతుంది. ఒక్కోసారి వెనక్కి కూడా వెళ్ళి మళ్ళీ చదువుతుంది. వెనక్కి వెళ్ళేవాళ్ళ గురించి మాకు సూచనలే రాలేదు. అటువంటి పిల్ల ఉంటుందని పైవాళ్ళెవరూ ఊహించలేదు.

"ఎందుకే అలా ఆగిపోతావు? గబగబా కానీ," అని నేను కసురుతుంటే ఒకరోజు తలెత్తి, "మేస్టారూ, రంగయ్య బువ్వెప్పుడు తింతాడండీ?" అంది.

నేను స్టాప్‌వాచీ ఆపలేదు. ప్రశ్నలు నిషేధం కదా. అది మాత్రం వేలు పెట్టి చూపిస్తూనే ఉంది. "ఇక్కడ లెగిసినాడు. తానం సేసినాడు. మొక్కలకి నీళ్ళోసినాడు. ఇస్కూల్‌కొచ్చీసినాడు. ఆటలాడినాడు. తొంగున్నాడు. బువ్వెక్కడా తిన్లేదండీ. ఆళ్ళమ్మ ఒండలేదేటి?"

పుస్తకం తీసుకుని చూశాను. మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి. నిజమే, రంగయ్య ఎక్కడా అన్నం తినలేదు. పన్నెండు మంది సంఘ సభ్యులు రాశారు. నేను నాలుగు నెలలుగా రోజుకి వందసార్లు విన్నాను. మా తాలూకా మొత్తం పాడింది. ఒక్కరికీ కనపడలేదు. పొద్దున్న ఖాళీ కడుపుతో బడికొచ్చే పిల్లకి కనపడింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే తెలిసింది, మా బడిలో చదవడం వచ్చిన పిల్ల ఇదొక్కతేనని.

మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. మంచి బాలుడు రంగయ్యకి ఒక్క పూటైనా భోజనం ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థన. రెండు నెలలకి జవాబు వచ్చింది. 'సదరు పాఠ్యాంశములో అన్నము తినును అను రెండు మాటలు చేర్చినచో మొత్తం మాటలు తొంబది రెండగును. తద్వారా ఇప్పటివరకు నమోదైన వేగములన్నియు తారుమారగును. కావున రంగయ్య భోజనము వచ్చే విద్యా సంవత్సరమునకు వాయిదా వేయడమైనది.' కింద నలుగురి సంతకాలు.

నూకరత్నానికి చెప్పాను. "అందాకా ఎలగుంటాడండీ మరి?" అని అడిగింది.

అంతలో గురుకులం దరఖాస్తుల కాలం వచ్చింది. గురుకులంలో సీటు దొరికితే చదువూ తిండీ బట్టా పక్కా అన్నీ వాళ్ళవే. ప్రవేశ పరీక్ష రాయాలంటే దరఖాస్తుకి 'పఠన సామర్థ్య పత్రం' జత చేయాలని ఆ ఏడాది కొత్త నిబంధన. నిమిషానికి తొంభై వచ్చినట్టు హెడ్మాస్టరు సంతకంతో పత్రం ఉంటేనే హాల్‌టికెట్టు. రానివాళ్ళ చేత ఫారం ఏడు మీద వేలిముద్ర వేయించి బడిలోనే ఉంచాలి. మళ్ళీ ఒకటో తరగతి నుంచి రంగయ్యని మొదలుపెట్టించాలి.

పత్రాలిచ్చే రోజు పరాంకుశం గారే స్వయంగా వచ్చారు. అదే దరఖాస్తులకి ఆఖరి రోజు. సాయంత్రం అయిదు లోపల మండలాఫీసులో ఇచ్చెయ్యాలి. మూడు నుంచి అయిదో తరగతి దాకా నలభై నలుగురు పిల్లలు వరసలో నిలబడ్డారు. టీ చల్లారేలోపు నలభై ముగ్గురు అయిపోయారు. నలభై ముగ్గురికీ తొంభై పైనే. పరాంకుశం గారు చెప్పగా నేను పత్రాలు రాసి సీలు వేస్తూ పోయాను.

ఆఖరిని నూకరత్నం. "రంగయ్య... ఉదయమున... అయిదు," అంటూ వేలు పెట్టుకుని నడిచింది. నిమిషం గడిచేసరికి రంగయ్య ఇంకా బట్టలు వేసుకుంటున్నాడు.

"ముప్ఫై ఎనిమిది," అన్నాను.

"సదరు బాలిక పఠన అశక్తురాలు," అన్నారు పరాంకుశం గారు. "ఫారం ఏడు తెండి."

దాన్ని పక్కకి పిలిచాను. "ఒసే, ఇన్నిసార్లు విన్నావు, నీకు రంగయ్య నోటికి రాడా? పుస్తకం మూసేసి గడగడా అప్పజెప్పెయ్యి. రెండోసారి అవకాశం ఇమ్మని నేనడుగుతాను."

"మూసీస్తే సదివినట్టెలగవుతాది మేస్టారూ?" అంది అది. నన్ను ఎదిరించాలని కాదు. నిజంగానే తెలియక అడిగింది.

అప్పటికే దాలమ్మ వచ్చి వరండాలో నిలబడింది. బట్టీ నుంచి పని మధ్యలో పరిగెత్తుకొచ్చినట్టుంది, చీర మీద ఇంకా జీడి పొట్టు అంటుకుని ఉంది. కూతురు తప్పిందని తెలిసి ఆమె పరాంకుశం గారి ఎదుటికి వచ్చేసింది.

"ఏటి బాబూ, మా గుంటకి సదవడం రాదా? ఇంటికాడ కాయితం ఏదొచ్చినా అదే సదువుతాది బాబూ. పక్క ఈదిలో ఉన్న మా అత్తకి మందు బిళ్ళలిచ్చినారు. పొద్దున్నెయ్యాల్సింది రాత్రీ, రాత్రెయ్యాల్సింది పొద్దున్నా ఏసేస్తంటే సీటీ సదివి ఇదే ఆపినాది. ఆ రోజు సదివింది సదువు కాదేటి?"

"ఎంత సమయములో చదివినది?" అని అడిగారు పరాంకుశం గారు.

"నాకేటి తెలుసు బాబూ. అత్త బతికున్నాది."

"సమయము నమోదు కానిచో పఠనముగా పరిగణించలేము."

దాలమ్మ ఇక వాదించలేదు. రెండు చేతులూ చాపి ఆయనకి చూపించింది. జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లగా కాలి, చర్మం లేచిపోయి, గీతలు కూడా లేకుండా నున్నగా ఉన్నాయి. "గురుకులానికెల్లకపోతే ఏసంగి సెలవుల నుంచి నా పక్కన కూకుంటాది బాబూ. మేస్త్రీ ఇప్పటికే అడుగుతున్నాడు. దీని సేతులిలగవకూడదు. ఆ కాయితమొకటి ఇప్పించండి." ఆమె ఏడవలేదు.

పరాంకుశం గారు కాసేపు ఆ చేతుల వంక చూశారు. ఆయన మనిషి మంచివాడేనని ముందే చెప్పాను. కాని నిబంధనల్లో చేతుల గురించి ఏమీ లేదు. "వేలిముద్ర వేయించండి," అన్నారు నెమ్మదిగా.

నేను ఫారం ఏడు బల్ల మీద పరిచి, సిరా డబ్బా మూత తీశాను. నూకరత్నం బొటనవేలు పట్టుకున్నాను. అది వెనక్కి లాక్కుంది.

"సదవకుండా ముద్దరెయ్యకూడదని మాయమ్మకి నానే సెప్పినాను," అని ఫారం మీదకి వంగింది. వేలు పెట్టి, ఆగుతూ, గట్టిగా చదివింది.

"నేను, అనగా ఇందు క్రింద వేలిముద్ర వేయు విద్యార్థి, పై విషయములన్నియు స్వయముగా చదివి, పూర్తిగా అర్థము చేసుకొని, నాకు చదువుట ఏమాత్రమూ రాదని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను."

చదివి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి చూసుకుంది. తర్వాత తలెత్తింది.

"సార్, నాను దీన్ని సదివీసి, అర్థం సేసీసుకుని, నాకు సదవడం రాదని ముద్దరెయ్యాలాండీ?"

"ఏదీ, ఇటు ఇవ్వండి," అన్నారు పరాంకుశం గారు. ఫారం తీసుకుని కళ్ళజోడు పైకి తోసుకుని చదవడం మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ నా బొటనవేలు స్టాప్‌వాచీ మీట నొక్కేసింది. ఆయన 'చదివి' దగ్గర ఆగారు. 'అర్థము చేసుకొని' దగ్గర మళ్ళీ ఆగారు. వెనక్కి వెళ్ళారు. పెదవులు కదుపుతూ మళ్ళీ వచ్చారు. 'అంగీకరించుచున్నాను' చేరేసరికి సరిగ్గా ఒక నిమిషం అయింది. ఫారంలో ఉన్నవి ఇరవై మాటలు.

ఆయన నా మెడలో స్టాప్‌వాచీని చూశారు. నేనూ చూశాను. ఆయన చెయ్యి చాపి, దాన్ని తానే నొక్కి సున్నా చేశారు.

"ఈ ఫారంపై జిల్లాలో ఇప్పటికి నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు వేలిముద్రలు వేసి ఉన్నారు," అన్నారు చివరికి. "ఇట్టి అభ్యంతరమును ఇంతవరకు ఒక్కరూ లేవనెత్తలేదు."

"ఆళ్ళకి సదవడం రాదు కదండీ," అంది నూకరత్నం.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ లేచారు. "ఈ ఫారంపై ముద్ర వేయాలన్నచో చదవడం వచ్చి ఉండవలెను. చదవడం వచ్చినచో ముద్ర వేయనవసరం లేదు. చదవడం వచ్చునని పత్రమివ్వాలన్నచో తొంబది రావలెను. సదరు బాలిక ఇటును కాదు, అటును కాదు. ఇట్టి బాలిక ఉత్పన్నమగునని నివేదికలో ఎచ్చటను లేదు." గొంతు తగ్గించి, "పైవారిని వివరణ కోరుతూ లేఖ వ్రాసెదను. అంతవరకు ఈమె విషయం పెండింగు," అన్నారు.

"వివరణ ఎప్పటికి వస్తుందండీ?"

"రంగయ్య భోజనమునకు రెండు మాసములు పట్టినది. ఇది అంతకంటె జటిలము."

అని జీపెక్కి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఫారం ఏడు మడిచి జేబులో పెట్టుకున్నారు. గోడ గడియారంలో నాలుగున్నర దాటి అయిదు నిమిషాలయింది. మండలాఫీసుకి నడిచి వెళితే అరగంట. దాలమ్మ వరండా స్తంభం పట్టుకుని నన్నే చూస్తోంది. అంతసేపూ ఆమె ఆయన్ని బాబూ, బాబూ అంది గానీ నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. అడక్కపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

బీరువా తీశాను. పత్రాల పుస్తకంలో నలభై నాలుగో కాగితం ఖాళీగా ఉంది. అంతకు ముందు నలభై మూడూ అసలు సిసలు పత్రాలు. ప్రతి ఒక్కటీ అధికారి ఎదుట, గడియారం సాక్షిగా, ఒక్క సెకను కూడా దొంగలెక్క లేకుండా రాసినవి. ఆ నలభై ముగ్గురిలో ఒక్కరికీ బస్సు బోర్డు చదవడం రాదు.

నలభై నాలుగో కాగితం మీద పేరు రాశాను. వేగం అన్న చోట తొంభై అని వేసి, సంతకం పెట్టి, సీలు గుద్దాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ నౌకరీలో నేను దొంగ సర్టిఫికెట్టు ఇవ్వడం అదే మొదలు. మా బడిలో చదవడం వచ్చిన ఒక్క పిల్లకి, చదవడం వచ్చునని దొంగ సర్టిఫికెట్టు రాసిచ్చాను.

"పరిగెత్తండి, అయిదుకి మూసేస్తారు," అని దరఖాస్తుకి జత చేసి నూకరత్నం చేతిలో పెట్టాను. దాలమ్మ అప్పుడే మెట్లు దిగేసింది. నూకరత్నం మాత్రం గుమ్మంలో ఆగిపోయింది. కాగితం రెండు చేతులా పట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో మాటా చదువుకుంటోంది. వేలు ఒక చోట నిలిచింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చింది.

"మేస్టారూ, ఇక్కడ తొంబై అనున్నాది. నాకు ముప్పై ఎనిమిదే కదండీ."

"నూకరత్నం," అన్నాను, "అది చదవకమ్మా. పట్టుకెళ్ళు."